మూడింట రెండోది

త్రయంలో రెండో పుస్తకమంటే మొదలు ఎప్పుడో అయిపోయి, ముగింపు ఇంకా రాని పుస్తకం. కుర్రకారు కోసం రాసే సైన్స్ ఫిక్షన్‌లో ఈ జాతి దండిగా దొరుకుతుంది. సుజాన్ కాలిన్స్ ‘ది హంగర్ గేమ్స్’ 2008లో వస్తే, దాని రెండోది ‘క్యాచింగ్ ఫైర్’ 2009లోనూ, మూడోది ‘మాకింగ్‌జే’ 2010లోనూ వచ్చాయి. జేమ్స్ డాష్నర్ ‘ది మేజ్ రన్నర్’ 2009లో మొదలై 2011లో ముగిసింది. వెరోనికా రాత్ ‘డైవర్జెంట్’ 2011 నుంచి 2013 దాకా నడిచింది. ఏడాదికొకటి లెక్కన మూడేళ్లు. చదివే పిల్లకి ఈలోగా పదో తరగతి దాటి ఇంటర్ అయిపోతుంది.

ఐ.పోలవరం దాకా ఈ పుస్తకాలు వరసలో రావు. (ఆనకట్ట కడుతున్న పోలవరం ఇది కాదు. అది గోదావరికి ఎగువన, ఇది కోనసీమలో సముద్రానికి చేరువలో.) సంక్రాంతికి హైదరాబాదు నుంచి దిగిన పిల్లలు సంచిలో ఒక పుస్తకం తెచ్చి, తిరుగు ప్రయాణం హడావిడిలో మంచం కింద వదిలేసి పోతారు. అలా మిగిలేది చాలావరకు రెండోదే. దీనికి కారణం ఉంది. మొదటిది నచ్చి ఉంటుంది కాబట్టి ఎవరికీ ఇవ్వరు. మూడోది ఇంకా చదువుతూ ఉంటారు. పోతే పోయిందనుకోగలిగినది రెండోదొక్కటే.

దొరికినదాన్ని అరుగు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టిన మనవరాలికి, పక్కనే చింతపండు గింజలు తీస్తున్న మామ్మ నుంచి వచ్చే ప్రశ్నలు సాహిత్య విమర్శలో మంచి స్థాయికి చెందినవి.

“ఏవే, ఇంతకీ ఆ పిల్ల ఆటలో గెలిచిందా?”

“మొదటి పుస్తకంలోనే గెలిచింది మామ్మా. ఇందులో మళ్లీ ఆడమన్నారు.”

“గెలిచినదాన్ని మళ్లీ ఆడమనడవేవిటే! పోనీ, ఇప్పుడైనా గెలిచిందా?”

“తెలీదు. ఇంకో పుస్తకం ఉంది.”

“మరి ఇది చదవడం దేనికీ?”

రెండో భాగాల మీద వచ్చిన ఫిర్యాదంతా ఈ నాలుగు మాటల్లో ఇమిడిపోయింది. ‘క్యాచింగ్ ఫైర్’లో జరిగేది అదే: మొదటిసారి ప్రాణాలతో బయటపడిన కథానాయిక కాట్నిస్‌ని, పాత విజేతలతో కలిపి 75వ పోటీల్లోకి మళ్లీ తోస్తారు. ‘మేజ్ రన్నర్’ రెండో పుస్తకం ‘ది స్కార్చ్ ట్రయల్స్’ మరీ అన్యాయం. చిక్కుదారి లోంచి తప్పించుకున్నామని పిల్లలు ఊపిరి పీల్చుకునేలోపే, అదంతా మొదటి పరీక్ష అనీ, ఇక ఎడారి దాటాలనీ చెబుతారు. అంటే మొదటి పుస్తకం చివర పాఠకుడు పడిన సంతోషాన్ని రెండోది వెనక్కి తీసుకుంటుంది. ఈ రకానికి ఇది ప్రధాన లక్షణం.

రెండో లక్షణం మతిమరుపు. ఇది పాఠకుడిది. ఏడాది కిందట చదివిన పేర్లలో సగం గుర్తుండవు. వారపత్రిక సీరియళ్లకు ‘జరిగిన కథ’ అని ఒక పెట్టె ఉండేది. నాలుగు ముక్కల్లో అంతా అందేది. నవలలో ఆ సదుపాయం లేదు. అందువల్ల పాత్రలే పాపం, తమకు తెలిసిన సంగతులు ఒకరికొకరు చెప్పుకుంటూ పోవాలి. ‘డైవర్జెంట్’ రెండో పుస్తకం ‘ఇన్సర్జెంట్’ ఆ మర్యాద కూడా పెద్దగా పాటించక, మొదటి పుస్తకం ఆగిన రైల్లోంచే కథ అందుకుంటుంది. ఎక్కనివాళ్లు స్టేషన్లోనే ఉండిపోతారు.

మూడో లక్షణం ప్రేమ. ఇద్దరు కుర్రాళ్లలో ఎవరన్నది రెండో పుస్తకంలో తేలకూడదు. తేలితే మూడోది అమ్ముడుపోదు. ఇదే మండలంలోని మురమళ్లలో వీరేశ్వరస్వామికి రోజూ కల్యాణం జరుగుతుంది. ఏ రోజు పెళ్లి ఆ రోజే పూర్తిచేసే చోట పెరిగిన పాఠకులకు, మూడు సంపుటాలు తిరిగినా తాంబూలాల దాకా రాని వ్యవహారం చిరాకు తెప్పించడంలో వింత లేదు.

నడిమి భాగం లేకుండా తెలుగువాళ్లు ఎంతకాలం ఆగగలరో మాత్రం చరిత్రలో రుజువుంది. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ మహాభారతాన్ని తెలుగు చేస్తూ ఆది, సభా పర్వాలు ముగించి, అరణ్యపర్వం సగంలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన ముక్క జోలికి పోకుండా విరాటపర్వంతో మొదలెట్టి చివరిదాకా రాసేశాడు. అంటే మూడోది ముందు వచ్చేసింది. నడుమ ఖాళీని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. పాండవులు పన్నెండేళ్లలో ముగించిన అరణ్యవాసం తెలుగులో పూర్తవడానికి సుమారు మూడు శతాబ్దాలు పట్టిందన్నమాట. పైగా ఎర్రన తన భాగాన్ని తన రాజుకి కాకుండా నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. నన్నయ ధోరణిలో ఎత్తుకుని తిక్కన ధోరణికి చేరుకున్నాడని పండితులు మెచ్చుకుంటారు. నడిమి పుస్తకం రాసేవాడి కష్టమంతా అదే: రెండు ఒడ్లూ ఇతరులు ముందే కట్టేసి ఉంటారు. ఇప్పటి రచయితలకు రెండు ఒడ్లూ తమవే కాబట్టి వాళ్ల మీద మరీ జాలిపడనక్కర్లేదు.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి. మూడింటిలో అసలు కథ చాలాసార్లు రెండోదాంట్లోనే ఉంటుంది. జాన్ క్రిస్టఫర్ ‘ట్రైపాడ్స్’ త్రయం చూడండి. భూమిని మూడుకాళ్ల యంత్రాలు ఏలుతుంటాయి. పిల్లలు పెద్దవాళ్లయ్యే వయసుకి తలకి లోహపు టోపీ తొడిగి బుద్ధి లొంగదీస్తాయి. 1967లో వచ్చిన ‘ది వైట్ మౌంటెన్స్’లో విల్ అనే కుర్రాడు పారిపోతాడు. 1968 నాటి ‘ది పూల్ ఆఫ్ ఫైర్’లో యుద్ధం. రెండూ బాగుంటాయి, కానీ ఊహించదగినవే. నడిమిదైన ‘ది సిటీ ఆఫ్ గోల్డ్ అండ్ లెడ్’లో విల్ శత్రువుల నగరంలోకే నౌకరుగా చేరతాడు. అక్కడ అతని యజమాని క్రూరుడు కాకపోగా అతన్ని చేరదీసి కబుర్లు చెబుతాడు. ఆ ఆప్యాయతే భయం పుట్టిస్తుంది. దూరం నుంచి చూసిన శత్రువుని ద్వేషించడం తేలిక. వాడి ఇల్లు ఊడుస్తూ, వాడి మంచితనాన్ని భరిస్తూ ద్వేషించడం కష్టం. ఆ పని మొదటి పుస్తకం చేయలేదు, మూడోదానికి తీరిక ఉండదు. ‘క్యాచింగ్ ఫైర్’లోనూ అంతే, గెలుపు ఖరీదు ఎంతో కాట్నిస్‌కి తెలిసివచ్చేది రెండోసారి బరిలోకి దిగినప్పుడే.

సినిమా, టీవీల వాళ్లకు ఈ త్రయాల్లో కొన్ని అచ్చిరాలేదు. డబ్బు కోసం ‘డైవర్జెంట్’ మూడో పుస్తకం ‘అలీజియంట్’ని రెండు సినిమాలుగా చీల్చారు, 2016లో మొదటి ముక్క దెబ్బతినడంతో రెండోది తీయనేలేదు. ‘ట్రైపాడ్స్’ని బీబీసీ 1984లో ఒక భాగం, 1985లో రెండో భాగం ప్రసారం చేసి అక్కడితో ఆపేసింది. ‘ది పూల్ ఆఫ్ ఫైర్’ ఆ సీరియల్లో రానే లేదు. కావలసినవాళ్లు పుస్తకం చదువుకోవలసిందే.