మిగులు మాస్టారు

సర్కారు బడిలో టీచరు అవసరమా, మిగులా అన్నది ఆయన పాఠం చెప్పే తీరును బట్టి తేలదు. హాజరుపట్టీలో తలల లెక్కను బట్టి తేలుతుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు ఉండాలి. తరగతులు అయిదు. ఇద్దరు మనుషులు అయిదు తరగతులకు ఒకే గంటలో పాఠం ఎలా చెబుతారన్న సందేహం అధికారులకు రాదు. దానికి బహుళ తరగతి బోధన అని గంభీరమైన పేరు పెట్టి, టీచర్ల శిక్షణలో ఒక పాఠంగా చేర్చి ఎన్నాళ్లో అయింది.

ఈ లెక్కలో అసలు సొగసు అంచుల దగ్గర కనిపిస్తుంది. 91 మంది ఉన్న బడికి నలుగురు టీచర్లు. ఒక కుటుంబం ఇటుక బట్టీకి వలసపోతే 90 మంది, ముగ్గురు టీచర్లు. నాలుగో టీచరు పాఠం మరిచిపోలేదు, సెలవు పెట్టలేదు. ఎక్కడో బట్టీ యజమాని ఒక తండ్రికి బయానా ఇచ్చాడు, అంతే. తర్వాతి రేషనలైజేషన్ జాబితాలో ఆయన పేరు మిగులు కింద చేరుతుంది. చట్టం ఇంతకు తగ్గకూడదని రాసిన అంకెను, ఇంతకు మించకూడదని చదువుకోవడంలోనే ఉంది పాలనా చాతుర్యం.

జాబితా వచ్చాక పిల్లలు రంగంలోకి దిగుతారు. 2018 జూన్‌లో తమిళనాడు తిరువళ్లూరు జిల్లా వెలియగరం ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జరిగింది ఇదే. మన సరిహద్దుకు కూతవేటు దూరంలోని ఊరు. సిబ్బంది సర్దుబాటులో బదిలీ అయిన ఇంగ్లిషు మాస్టారిని పిల్లలు గేటు దాటనివ్వలేదు, కావలించుకుని ఏడ్చారు. ఆ దృశ్యం దేశమంతా చూసింది, సినిమావాళ్లూ కరిగిపోయారు. విద్యాశాఖ కూడా కరిగి, బదిలీని పది రోజులు ఆపింది. పది రోజులు! ఏడుపు ఆరడానికి సరిపడా గడువే అది. మాస్టారిని మిగులుగా తేల్చిన నిష్పత్తి జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

కెమెరా రాని ఊళ్లలో పద్ధతి వేరు. పిల్లలు గేటు ముందు కూర్చోగానే మొదట పుట్టే ప్రశ్న, వీళ్ల వెనక ఎవరున్నారు? హెడ్‌మాస్టరును పిలిచి నిలదీస్తారు. ఆ టీచరును పిల్లలు అంతగా ఎందుకు ఇష్టపడుతున్నారో సంజాయిషీ అడగడం ఒక్కటే తరువాయి. టీచర్ల సంఖ్య తేల్చేటప్పుడు ప్రతి పిల్లా ఒక అంకె, ఒక్కరు తగ్గినా రాద్ధాంతం. అదే పిల్లలు నోరు విప్పి తమకు ఎవరు కావాలో చెబితే ఎవరి లెక్కలోకీ రారు. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117వ నంబరు జీవో తెచ్చి 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు చాలా ఊళ్లలో పిల్లలూ తల్లిదండ్రులూ బడి ముందు బైఠాయించారు. జీవో పోయింది, కానీ ప్రభుత్వం మారాక!

ఇదంతా ఉద్యోగం ఉండి, చోటు మాత్రమే పోయేవాళ్ల కథ. ఉద్యోగమే పోయేవాళ్లకు ఈ పాటి నాటకం కూడా ఉండదు. తెలంగాణ జూనియర్ కాలేజీల గెస్ట్ లెక్చరర్లకు పీరియడుకు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్ల పరిమితి, వెరసి 28,080. విద్యాసంవత్సరంతో పాటే కొలువూ ముగుస్తుంది. వాళ్లను ఎవరూ తొలగించరు, మళ్లీ పిలవరు, అంతే. విద్యా వలంటీర్లనూ కరోనా తర్వాత అలాగే పిలవడం మానేశారు. తొలగింపు ఉత్తర్వే లేనప్పుడు పిల్లలు దేన్ని రద్దు చేయమని అడగాలి?

ప్రైవేటు బడుల్లో ఇంకా శుభ్రం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచరు కార్మికుడు కాడని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. బోధన ఉదాత్తమైన వృత్తి, దాన్ని కూలిపనితోనో గుమాస్తా పనితోనో జమకట్టలేమన్నది అందులోని తర్కం. అంత ఉదాత్తులు కాబట్టే చివర చేరినవాణ్ని ముందు తీయాలన్న నియమం, తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారం, ఇలాంటి లౌకిక సౌకర్యాలు వాళ్లకు అంటవు. వేసవిలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్ల టార్గెట్ పూర్తి చేయడం మాత్రం ఆ ఉదాత్తతలో భాగమే. టార్గెట్ తప్పిన మాస్టారు జూన్‌లో కనిపించరు. ఆయన కోసం ధర్నా చేసే పిల్లలుండరు, ఎందుకంటే వాళ్లు అప్పటికే వేరే సెక్షన్‌లో వేరే ఫ్యాకల్టీ దగ్గర స్లిప్ టెస్ట్ రాస్తుంటారు.

పిల్లల ప్రేమ మీద ఆధారపడే ఈ రక్షణ పథకంలో మరో లోటూ ఉంది. హోంవర్కు చేయకపోతే వదలని లెక్కల మాస్టారి కోసం ఎవరూ గేటుకు అడ్డం పడుకోరు. ఆయన విలువ పదేళ్ల తర్వాత ఏ బ్యాంకు పరీక్ష హాల్లోనో తెలుస్తుంది, ఆలోగా ఆయన మూడు మండలాలు మారి ఉంటాడు. అందరూ మెచ్చిన ఒక్కరిని ఆపి, ఎవరూ అడగని పదిమందిని పంపించుకోవడం ప్రభుత్వాలకు లాభసాటి బేరమే. ఉత్తర్వు ఒకటి ఆగితే దయ అనిపించుకుంటుంది, నిష్పత్తి మారితే ఖర్చవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2025లో మోడల్ ప్రైమరీ స్కూళ్ల పేరిట తరగతికొక టీచరు అన్న మాట కొన్ని బడులదాకా వచ్చింది. మిగతా బడుల పిల్లలు ఈసారి గేటు ముందు కూర్చుంటే అట్టముక్క మీద ఒక్క మాస్టారి పేరు కాకుండా తరగతికొక టీచరు అన్న రెండు మాటలే రాసుకోవాలి.