టక్కు వైద్యం

మా అమ్మమ్మగారి ఊళ్ళో నడుం పట్టేస్తే సూదిమందు దాకా వెళ్ళేవాళ్ళు కాదు. ఎదురుకాళ్ళతో పుట్టిన ఓ పెద్దావిడ ఉండేది, ఆవిడ గడప తొక్కేవాళ్ళు. వచ్చినవాడు గోడ పట్టుకుని వంగితే, ఆవిడ కుచ్చెళ్ళు కాస్త ఎగదోపుకుని, "పెద్దవాణ్ణి తన్నాల్సొచ్చిందే, నాయనా" అని నొచ్చుకుంటూనే నడుం మీద ముచ్చటగా మూడు తన్నులు తన్నేది. ఫీజు రెండు తమలపాకులూ ఓ వక్కా. తగ్గినవాడు ఆవిడ పాద మహిమ అనేవాడు. తగ్గనివాడు మర్నాడు మళ్ళీ వచ్చి వంగేవాడు. అంత డిమాండు ఉండి కూడా ఆవిడ ఏనాడూ, ఈ తన్నుతో నీ చెవుడు పోతుందనీ, మీ పిల్లాడి ఉబ్బసం కూడా పోతుందనీ అనలేదు.

ఆవిడ పోయింది. ఆ విద్య మాత్రం నగరం చేరి, ఏసీ పెట్టించుకుని, పేరు ముందు డాక్టర్ తగిలించుకుని కైరోప్రాక్టిక్ అయింది. ఫోనులో రీల్స్ చూసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. రోగిని బల్ల మీద పడుకోబెడతారు. కాలరు దగ్గర చిన్న మైకు పెడతారు. మిగతా డాక్టర్లు రోగికి స్టెతస్కోపు పెడతారు, మైకు పెట్టేది వీళ్ళే. మెడని మెల్లగా ఓ పక్కకి తిప్పి, మాటల్లో పెట్టి, ఉన్నట్టుండి ఒక్క గుంజు. టక్! రోగి కళ్ళు ఇంతింత చేసుకుని నవ్వుతాడు. కింద కామెంట్లలో అడ్రసు అడిగేవాళ్ళు బారులు తీరతారు.

ఆ టక్కులోనే ఉంది టక్కంతా. కీలు మధ్య జిగురులాంటి ద్రవం ఉంటుంది. కీలుని హఠాత్తుగా లాగితే అందులో ఒత్తిడి పడిపోయి బుడగలాంటి ఖాళీ ఏర్పడుతుంది, చప్పుడవుతుంది. కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో ఎంఆర్ఐ యంత్రంలో వేళ్ళు లాగి మరీ ఈ తతంగం చూశారు. అంటే ఆ చప్పుడుకి తప్పిపోయిన పూస ఏదీ ఇల్లు చేరలేదు. అమ్మమ్మ మనకి దిష్టి తీసి, కణతల దగ్గర మెటికలు విరిచి, "చూశావా, ఎన్ని విరిగాయో, ఎంత దిష్టో!" అనేది. ఈ టక్కు డాక్టరు లెక్క కూడా అదే. కాకపోతే అమ్మమ్మ పది సిట్టింగుల ప్యాకేజీ అమ్మలేదు.

ఈ విద్యకి మూలపురుషుడు అమెరికాలో అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ ఊళ్ళో ఉండేవాడు. పేరు డేనియల్ డేవిడ్ పామర్. (తిట్టాననుకోకండి, ఇంటిపేరే అది.) కొన్నాళ్ళు కిరాణా కొట్టు నడిపాడు, తర్వాత అయస్కాంత వైద్యుడయ్యాడు. 1895 సెప్టెంబరు 18న తన ఆఫీసున్న భవనం ఊడ్చే హార్వే లిల్లార్డ్ అనే ఆయన వెన్ను మీద గట్టిగా నొక్కితే, పదిహేడేళ్ళుగా ఉన్న చెవుడు కాస్తా వదిలిందట. పామర్ చెప్పిన కథ ఇది. లిల్లార్డ్ కూతురు తర్వాత చెప్పినది వేరు: వాళ్ళ నాన్న ఎవరికో జోకు చెబుతుంటే పామర్ విని, నవ్వాపుకోలేక చేతిలో పుస్తకంతో వీపు మీద ఒకటిచ్చాడట. ఏది నిజమైనా చిక్కొకటుంది. వినికిడి నరం చెవి లోపలినుంచి నేరుగా మెదడులోకి పోతుంది. వెన్నెముక వైపు తొంగి కూడా చూడదు. డావెన్‌పోర్ట్ వెళ్ళే రైలుని ఆపడానికి వేరే ఊరి రైల్లో గొలుసు లాగినట్టుంది వ్యవహారం.

కిరాణా కొట్టు బుద్ధి ఎక్కడికి పోతుంది! నూటికి తొంభై అయిదు రోగాలు పక్కకి జరిగిన పూసల వల్లేనని పామర్ తూకం వేసి చెప్పేశాడు. మిగతా అయిదూ? వేరే కీళ్ళు జరగడం వల్ల. తరాజులో ఇంకేమీ మిగల్లేదు. మనవాళ్ళు "నరం మీద నరం ఎక్కింది" అంటారే, దానికే సబ్‌లక్సేషన్ అని పేరు పెట్టాడు. ఈ జ్ఞానం తనకి ఎప్పుడో చనిపోయిన ఓ డాక్టరు ఆత్మ ఇచ్చిందని ఆయనే రాసుకున్నాడు. విద్య పేరు గ్రీకు భాషది, 'చేత్తో చేసేది' అని అర్థం. తెలుగులో దీన్ని చేతివాటం అంటారు. రోగక్రిముల మాట నమ్మని ఆ పెద్దమనిషి 1913లో టైఫాయిడ్‌తో పోయాడు.

కొడుకు బి.జె. పామర్ తండ్రిని మించినవాడు. వెన్నుకి అటూ ఇటూ వేడి తేడా చూసే ఓ యంత్రాన్ని 1924లో తెచ్చి, దాన్ని అమ్మకుండా తోటి కైరోప్రాక్టర్లకే అద్దెకిచ్చాడు. సొంత రేడియో స్టేషన్ కూడా ఉండేది. తర్వాత అమెరికా అధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్ కుర్రతనంలో అక్కడ అనౌన్సరు. అంటే ఈ వైద్యానికి రీల్స్ కొత్త కాదు, మైకు పాత చుట్టమే.

ఇదంతా పాత కథ, ఇప్పుడు శాస్త్రీయమైపోయింది అంటారా? 2008లో బ్రిటన్‌లో సైమన్ సింగ్ అనే రచయిత, పసిపిల్లల కడుపునొప్పికీ చెవిపోటుకీ ఉబ్బసానికీ వెన్ను నొక్కడమేమిటని పత్రికలో రాశాడు. సాక్ష్యం ఉంటే చూపించాలి కదా? అక్కడి కైరోప్రాక్టర్ల సంఘం పరువునష్టం దావా వేసింది. 2010 ఏప్రిల్‌లో తనే వెనక్కి తీసుకుంది. ఈ గొడవ మధ్యలో ఇంకో సంఘం, మీ వెబ్‌సైట్లు తీసేయండి, కరపత్రాలు దాచేయండి అని సభ్యులకి రహస్యంగా కబురు పంపింది. అదీ బయటికి పొక్కింది. బ్రిటన్ కైరోప్రాక్టిక్ కౌన్సిలే 2010లో ఒప్పుకుంది: సబ్‌లక్సేషన్ రోగాలకి కారణమని చెప్పడానికి పరిశోధనల ఆధారం లేదని.

న్యాయంగా ఒక్క మాట. నడుంనొప్పికి ఈ నొక్కుళ్ళు కాస్త పనిచేస్తాయి. ఎంత అంటే వ్యాయామం, ఫిజియోథెరపీ పనిచేసినంత. కొత్తగా పట్టేసిన నడుం చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే వదులుతుంది కూడా. ఆ ఘనత ఆఖరున ఎవరు నొక్కితే వాళ్ళకి పోతుంది, మా అమ్మమ్మగారి ఊరి పెద్దావిడకి పోయినట్టే. నడుంనొప్పి వరకే చూస్తామనే కైరోప్రాక్టరుతో నాకు పేచీ లేదు. పుత్తూరులో కట్టు కట్టేవాళ్ళు కూడా విరిగిన ఎముక చూపించమంటారు గానీ చెవుడు, ఉబ్బసం అని బోర్డు పెట్టరు.

మెడ సంగతి వేరు. మెదడుకి రక్తం తీసుకుపోయే రెండు ధమనులు మెడపూసల్లోని కన్నాల గుండా పైకి వెళతాయి. మెడని ఒక్కసారి గుంజితే వాటి లోపలి పొర చిరిగి, రక్తం గడ్డకట్టి, పక్షవాతం రావచ్చు. అరుదే. కానీ వచ్చినవాడికి అరుదైతే ఏం, కాకపోతే ఏం! సెలూన్‌లో గడ్డం గీశాక ఉచితంగా విరిచే మెడకీ ఇదే లెక్క. పైగా మన దేశంలో ఈ వైద్యానికి చట్టం పెట్టిన కౌన్సిల్ లేదు, ఆయుష్ జాబితాలోనూ దీని పేరు లేదు. రేపు తేడా వస్తే ఈ డాక్టరు రిజిస్ట్రేషన్ రద్దు చేయమని అడుగుదామన్నా, రద్దు చేయడానికి అసలు రిజిస్ట్రేషనంటూ ఉండాలిగా.

నడుం మీది, డబ్బు మీది, తన్నించుకుంటారో నొక్కించుకుంటారో మీ ఇష్టం. మెడ మీద చెయ్యి పడగానే మాత్రం లేచి చెప్పులేసుకోండి.