నా పేరు డయాజెపాం

అమెరికాలోని న్యూజెర్సీలో, నట్లీ అనే ఊళ్లో, రోష్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టాను. నన్ను తయారుచేసిన లియో స్టెర్న్‌బాక్ 1941లో నాజీల భయానికి యూరప్ విడిచి వచ్చిన యూదు రసాయన శాస్త్రవేత్త. మా అక్క లిబ్రియం 1960లో మార్కెట్లోకి వచ్చింది. నేను 1963లో వేలియం పేరుతో వచ్చాను.

మెదడులో ఒక నాడీకణం మరోదాన్ని రెచ్చగొడుతూనే ఉంటుంది. ఆ రెచ్చగొట్టడం మితిమీరకుండా చూసేది గాబా అనే రసాయనం. అది కణం పొర మీది గ్రాహకాన్ని తాకగానే, మధ్యలోని సన్నటి ద్వారం తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు లోపలికి దూరతాయి. ఇక ఆ కణం ఊరికే ఉలిక్కిపడదు. అయిదు ముక్కల ఆ గ్రాహకంలో గాబా చోటు గాబాదే. నా చోటు ఆల్ఫా, గామా ముక్కల సందులో. నేను చేరితే బందులకు నూనె పెట్టిన తలుపులా ఆ ద్వారం ఎక్కువసార్లు తెరుచుకుంటుంది. గాబా లేకుంటే మాత్రం నా వల్ల ఏమీ కాదు. మోతాదు మించితే, నాకంటే ముందటి నిద్రమందులైన బార్బిట్యురేట్లు గాబా లేకున్నా ద్వారం తెరిచేస్తాయి, ఊపిరి ఆపేస్తాయి. వాటికంటే నేను నయమన్నది అందుకే. మద్యం తోడైతే నన్నూ నమ్మకూడదు.

తెలంగాణలో నన్ను కల్లులో కలిపారు. చెట్ల కల్లు చాలనిచోట నీళ్లు, శాకరిన్, మత్తుకు నేను. పొద్దంతా కూలి చేసి సాయంత్రం ఒక సీసా తాగేవాళ్లకు, తాము మింగుతున్నది మందని తెలియదు. ఈ మోసాన్ని నేను క్షమించలేను. రోజూ నేను వస్తుంటే గ్రాహకాలు మొద్దుబారతాయి; నేను ఉన్నట్టుండి ఆగిపోతే, రెచ్చగొట్టే గ్లుటమేట్‌ది పైచేయి అవుతుంది. 2015లో అధికారులు కల్తీని కట్టడి చేసేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులు నిండిపోయాయి. వణుకు, నిద్రలేమి, పిచ్చిమాటలు, ఫిట్స్.

ఒక మంచం మీద ఒకావిడ దుప్పటి పైన లేని చీమల్ని ఏరుతోంది.

"అమ్మకు గాలి సోకిందేమో సారూ" అంది కూతురు.

"గాలి గాదు బిడ్డా, కల్లు బందయింది గద, అందుకే."

అంతలో ఆవిడకు ఫిట్స్ వచ్చాయి. డాక్టరు నన్నే సిరంజిలోకి తీసి నెమ్మదిగా నరంలోకి ఎక్కించాడు. కొట్టుకుంటున్న చేతులు ఆగాయి. తర్వాత బిళ్లలుగా ఇస్తూ, మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయారు. మెదడు మళ్లీ తన గాబాతోనే నెట్టుకురావడానికి కొన్ని వారాలు పట్టింది.