డాక్టరుగారి కారు

మా ఇంట్లో పెట్రోలు వాసన మొదట పసిగట్టింది మా ఆవిడ. ఆ ఉదయం పోపులో ఇంగువ ఎక్కువైందని నేను అంటే, గరిటె పక్కన పెట్టి, "ఇంగువ కాదండీ, మీ కారు" అంది. బాగా నడిచినన్నాళ్లూ అది 'మన కారు'. తుమ్మితే, దగ్గితే 'మీ కారు'. పిల్లల మార్కుల విషయంలో ఏనాడో అలవాటైన వ్యాకరణమే కాబట్టి నేను వాదించలేదు.

వంటింటి కిటికీకీ కారు ముక్కుకీ మధ్య నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లోనే మా మామగారి పడక్కుర్చీ. ఆయనకి 84 ఏళ్లు. గోదావరి లంకల పొగాకు చుట్ట పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి కాలుస్తారు. మధ్యాహ్నమంతా ఆరిపోయినదాన్ని వెలిగించుకుంటూ ఉంటారు. అంటే ఇటు గ్యాసు పొయ్యి, అటు చుట్ట, నడుమ పెట్రోలు. ఏ లోటూ రాకుండా పైన బెజవాడ ఎండ. ఆ పూటే ఆయన్ని, కుర్చీని, అగ్గిపెట్టెని డాబా మీదికి చేర్చాం. "కారుని డాబా ఎక్కించలేరు కనక నన్ను ఎక్కిస్తున్నారు" అని గొణుక్కుంటూ మెట్లెక్కారు.

బానెట్ ఎత్తి చూస్తే ఏమీ కనబడలేదు. ఇంజనాయిలు కారితే నేల మీద నల్లటి మరక ఉంటుంది. కూలెంటు కారితే రంగునీళ్ల మడుగు కడుతుంది. పెట్రోలుకి ఆపాటి నిజాయితీ కూడా లేదు. కారీ కారగానే గాల్లో కలిసిపోతుంది. పైగా ఈ ఇంజెక్షన్ కార్లలో తాళం తిప్పగానే ట్యాంకులోని పంపు గొట్టంలోకి పెట్రోలుని మూడు బార్ల ఒత్తిడితో తోస్తుంది. టైర్లలో మనం కొట్టించే గాలికన్నా అదే ఎక్కువ. ఆ ఊపులో ఎక్కడో సన్నటి చీలికలోంచి చిమ్ముతుంది. మనం దిగి, బానెట్ ఎత్తి, కళ్లజోడు తుడుచుకుని చూసేసరికి గొట్టం మీద చెమ్మయినా ఉండదు.

వీధిలో తలా ఒక సిద్ధాంతం చెప్పారు. ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు ఎలుక అన్నారు. ఎలుకలు గొట్టాలు కొరకడం నిజమే, కానీ పంటిగాటు ఎక్కడా లేదు. ఇస్త్రీబండి అబ్బాయి, బంకులోనే కల్తీ అన్నాడు. పక్కింటాయన పేపరు చదివే మనిషి. "ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ అండీ. చెరుకులోంచి, నూకల్లోంచి, మొక్కజొన్నలోంచి తీస్తారు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో దానికి తట్టుకునే రబ్బరు వేస్తున్నారు. మీది 2013 మోడలు. పాత రబ్బరుకి అది పడదు" అన్నాడు. ఈ మాట డాబా మీదికి మోసుకెళ్తే మామగారు చుట్ట తీసి, "నూకల్లోంచి తీసింది అంటే సారాయే కదు బాబూ. ముసలి వయసులో కారుకి మందు అలవాటు చేశారన్నమాట" అన్నారు. ఇందులో సైన్సు నాకు అర్థమైందిగానీ, పొద్దున్నే స్టార్టు కాకుండా మూలిగే ఆ కారు మీద అంతవరకూ ఉన్న గౌరవం మాత్రం పోయింది.

మామగారికీ ఒకప్పుడు కారుండేది. దేశం మొత్తం మీద రెండో మూడో రకాల కార్లున్న రోజులవి. పెట్రోలు పంపు ఇంజనుకే అంటుకుని ఉండేది. ఎండాకాలం ఇంజను వేడికి గొట్టంలోని పెట్రోలు అక్కడే ఆవిరయ్యేది. పంపు ద్రవాన్ని తోయగలదుగానీ ఆవిరిని తోయలేదు. బండి నడిరోడ్డు మీద నిలబడిపోయేది. తిరుపతి ప్రయాణంలో ఒంగోలుకీ కావలికీ మధ్య ఆయన తన తువ్వాలు తడిపి పంపు మీద కప్పి, చెట్టు కింద కూర్చుని చుట్ట కాల్చేవారట. చుట్ట అయ్యేలోగా పంపు చల్లబడేదిట. "మీ కాలం కార్లకి అసలు జ్వరం వస్తే తడిగుడ్డ వేసే చోటుందా?" అని అడిగారు. లేదు. పంపు తీసుకెళ్లి ట్యాంకులో ముంచారు.

ఆయన దగ్గర ఇంకో వైద్యం కూడా ఉంది. ట్యాంకుకి చిల్లు పడితే ఒంటిసబ్బు పిసికి అంటిస్తే ఊరు చేరేదాకా ఆగుతుంది. సబ్బు పెట్రోల్లో కరగదు. ఇది కట్టుకథ కాదు, పాత డ్రైవర్లందరికీ తెలిసిందే. మా ఆవిడ గంధం సబ్బుని మాత్రం ఆ రాత్రి బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

సరే, ఆటోనగర్ వెళ్లాను. బెజవాడలో పుట్టి ఆటోనగర్ వెళ్లకుండా వేరే వైద్యానికి పోవడం, ఇంట్లో ఆవకాయ పెట్టుకుని కొట్లో కొనుక్కోవడం లాంటిది. మెకానిక్ కుర్రాడు ముక్కుతోనే పట్టేశాడు. "లైను వీకైపోయింది సార్. ఒరిజినల్ ఎందుకండీ, దండగ" అని జానెడు రబ్బరు గొట్టం కోసి, రెండు క్లిప్పులు బిగించి, 350 రూపాయలు తీసుకున్నాడు. నాలుగు రోజులు స్వర్గం. మామగార్ని కిందికి దించాం. అయిదో రోజున మళ్లీ ఇంగువ. ఆ గొట్టం పాత కార్బురేటర్ బళ్లకి వేసేదట. కార్బురేటరుకి మూడు బార్లలో పదోవంతు ఒత్తిడి చాలు. సైకిలు ట్యూబుతో బోరుబావి నడిపినట్టయింది నా పని. మామగారు మళ్లీ డాబా ఎక్కారు.

అప్పుడు డాలస్ నుంచి మా అబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్నా, నీ కారుకి రీకాల్ ఉందేమో చూశావా?" రీకాల్ అంటే నేను ఎమ్మెల్యేల సంగతనుకున్నాను. కంపెనీ తన తప్పు తానే ఒప్పుకుని, పార్టు ఉచితంగా మార్చే పద్ధతట. అమెరికాలో 1978లో పింటో అనే కారుని 15 లక్షల దాకా వెనక్కి పిలిచారని, వెనకనుంచి గుద్దితే పెట్రోలు కారి అంటుకునే ఆ కారుకి చివరికి వేసిన మందు ఒక ప్లాస్టిక్ పలక, కాస్త పొడుగాటి గొట్టమేనని చెప్పాడు. మన దగ్గర 2012 జులైలో కంపెనీలు తమంతట తామే ఒక నియమం పెట్టుకున్నాయి. తర్వాత చట్టం 2019లో మారి, 2021 ఏప్రిల్ నుంచి కోటి రూపాయల దాకా జరిమానా కూడా వచ్చింది. కాకపోతే ఆ బలవంతపు రీకాల్ ఏడేళ్లలోపు బళ్లకే. మనుషుల్లాగే కార్లకీ బీమా దొరికే వయసు దాటాకే రోగాలు మొదలవుతాయన్న సంగతి చట్టం రాసినవారికి తట్టలేదు.

అయినా చూడమని, కంపెనీ వెబ్‌సైటులో 17 అక్షరాల ఛాసిస్ నంబరు కొట్టమన్నాడు అబ్బాయి. మూడుసార్లు కొట్టాను, మూడుసార్లూ ఇలాంటి కారే లేదంది. వాకిట్లో అంత వాసన వేస్తున్నదాన్ని లేదంటే ఎలా? ఆ నంబరులో ఐ, ఓ, క్యూ అక్షరాలు అసలు వాడరని, ఒకటీ సున్నాలతో కలిసిపోతాయని అబ్బాయి చెప్పాడు. నేను సున్నా ఉన్నచోటల్లా ఓ కొడుతున్నాను. సరిచేయగానే వచ్చింది: పెట్రోలు గొట్టం, ఉచితంగా మార్పు, కబురు పంపి నాలుగేళ్లయింది.

ఎవరికి పంపారు? ఆ కారు మొదట గుంటూరులో ఒక డాక్టరుగారిది. ఆయన దగ్గర మిర్చి వ్యాపారి కొన్నారు, ఆయన దగ్గర నేను. రీకాల్ అంటే ఆషాఢంలో పిల్లని పుట్టింటికి పిలవడం లాంటిదే. ఆ పిలుపు మొదటి అత్తవారింటికి వెళ్లి కూర్చుంది.

సర్వీస్ సెంటర్లో అడ్వైజర్ కంప్యూటరు చూసి, "నమస్తే డాక్టరుగారూ, కూర్చోండి" అన్నాడు. నేను డాక్టర్ని కానన్నాను. "సిస్టంలో అలాగే ఉంది సార్, మార్చడం మా చేతిలో లేదు" అన్నాడు. తర్వాత బానెట్ ఎత్తి, ఆటోనగర్ గొట్టాన్ని చూశాడు. పరాయి ఊళ్లో తాళి కట్టించుకొచ్చిన పిల్లని చూసినట్టు చూశాడు. "బయట పని చేయించారా డాక్టరుగారూ? రీకాల్ వర్తించదేమో."

ఇక్కడ నాకు కోపం వచ్చింది. మీ గొట్టం చెడిపోయిందని మీరే ఒప్పుకున్నారు. ఆ సంగతి నాకు చెప్పలేదు. ఇల్లు తగలబడకుండా నేనేదో చేసుకుంటే అది నా నేరమా అని అరిచాను. మేనేజరు వచ్చాడు. కాఫీ వచ్చింది. చివరికి ఒప్పుకున్నారు, కానీ పార్టు లేదు. మూడు వారాలన్నారు. ఏడు వారాలు పట్టింది. ఈలోగా కారు తీయొద్దని కూడా వాళ్లే చెప్పారు. ఆ ఏడు వారాలూ నేను ఆటోల్లో తిరిగాను, మా ఆవిడ కిటికీ మూసి వంట చేసింది, మామగారు డాబా మీద పావురాలతో స్నేహం పెంచుకున్నారు. పని మాత్రం గంటలో అయిపోయింది. బిల్లు మీద సున్నా అని అచ్చేసి, డాక్టరుగారి పేరున ఇచ్చారు.

వాసన పోయింది. మామగారు మాత్రం కిందికి రానన్నారు. పావురాలు బెంగ పెట్టుకుంటాయట.

వారం తిరక్కుండా కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "డాక్టరుగారేనాండీ? మా సేవకి పదికి ఎన్ని మార్కులు వేస్తారు?" దిద్దే ఓపిక లేక ఆరు వేశాను. థాంక్స్ చెప్పిందిగానీ ఫోన్ పెట్టలేదు. కాస్త గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకపోతే డాక్టరుగారూ, మా అమ్మకి మోకాళ్లు అరిగిపోయాయన్నారు. పసరు కట్టుకట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తానంటున్నారు మా నాన్న. ఏం చేయమంటారు?" అని అడిగింది.

"బయట పని చేయించకమ్మా" అన్నాను.