సరదాకి మార్కుల్లేవు

ఏ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌తో పనిచేస్తే ఎక్కువ సరదా? ప్రపంచంలో తీరిక దొరికిన ప్రోగ్రామర్లంతా తగువు పడేది దీనిమీదే. ఒకడు రూబీ అంటాడు, ఇంకొకడు లిస్ప్ అంటాడు, హాస్కెల్ అన్నవాడు ఎందుకో చెప్పడానికి బ్లాక్‌బోర్డు అడుగుతాడు. ఇంతమంది ఇంజనీర్లని కన్న తెలుగు గడ్డ ఈ తగువులోకి ఎందుకు దిగదని కొందరికి అనుమానం. మనం ఆ దశ ఎప్పుడో దాటేశాం. ఎంత సరదా లాంగ్వేజ్ అయినా సరే, ఒక్క సెమిస్టర్‌లో దాన్ని పిండి ఆరేసే యంత్రాంగం మన దగ్గరుంది. దాన్నే ఇంజనీరింగ్ కాలేజీ అంటారు.

పైథాన్ సంగతే చూడండి. 1991లో దాన్ని బయటపెట్టిన గైడో వాన్ రాసమ్, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం మీద ముచ్చటతో ఆ పేరు పెట్టాడు. ఆ చిలిపితనం లోపల ఇంకా ఉంది. 'ఇంపోర్ట్ యాంటీగ్రావిటీ' అని కొడితే బ్రౌజర్‌లో ఓ కార్టూన్ తెరుచుకుంటుంది. మీసాల బ్రాకెట్లు కావాలని ఫ్యూచర్ మాడ్యూల్‌ని అడిగితే 'నాట్ ఎ చాన్స్' అని మొహమ్మీదే చెబుతుంది. ఇలాంటిది మన సిలబస్‌లోకి అడుగుపెట్టిందో లేదో, మొదటి యూనిట్‌లో 'ఎక్స్‌ప్లెయిన్ ది ఫీచర్స్ ఆఫ్ పైథాన్' అయి చేతులు కట్టుకు నిలబడింది. వైవాలో ఎక్స్‌టర్నల్ గారు అడుగుతారు:

"దానికా పేరెందుకొచ్చింది?"

"పాము సార్."

"గుడ్. నెక్స్ట్ రోల్ నంబర్."

రూబీ మాత్రం చాలావరకు తప్పించుకుంది. జపాన్‌లో యుకిహిరో మత్సుమోతో 1995లో దాన్ని విడుదల చేస్తూ, రాసేవాడు సంతోషంగా ఉండాలన్నదే తన ఉద్దేశమని దాచుకోకుండా చెప్పుకున్నాడు. సంతోషాన్ని ఏ యూనిట్‌లో పెట్టాలో, దానికి ఎన్ని మార్కులివ్వాలో మనవాళ్లకి తోచి ఉండదు.

అసలు సరదా ఎక్కడ పుడుతుందో ఆ పని చేసేవాళ్లకి తెలుసు. మీట నొక్కడానికీ జవాబు రావడానికీ మధ్య ఎడం ఎంత తగ్గితే అంత సరదా. 1967లో పిల్లల కోసం వచ్చిన లోగో కొన్నాళ్లకి ఒక తాబేలుని తెచ్చుకుంది. దాన్ని 100 అడుగులు వెయ్యమంటే వేసేది, 90 డిగ్రీలు తిరగమంటే తిరిగేది, తప్పు చెబితే తప్పు బొమ్మే గీసేది. పిల్లలు ఆ వంకర బొమ్మ చూసి నవ్వుకుని ఇంకొకటి కొట్టేవాళ్లు. అంతకుముందు రోజులు వేరు. ప్రోగ్రాముని పంచ్ కార్డుల మీద కన్నాలుగా పొడిపించి, కట్టకట్టి కౌంటర్లో ఇచ్చి, తర్వాతెప్పుడో వెళ్లి, ఫలానా కార్డులో కామా పడలేదన్న శుభవార్త మోసుకురావాలి. ఆ చెర విడిపించడానికే డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ 1964లో బేసిక్‌ని నిలబెట్టారు. సైన్సు ముఖం చూడని విద్యార్థి కూడా టెలిటైపు ముందు కూర్చుని కొట్టాలి, అప్పటికప్పుడు ఫలితం చూసుకోవాలి. అదీ వాళ్ల ఆశ.

వాళ్లు అంత శ్రమపడి తీసేసిన ఎడాన్ని మనం అంతకంటే శ్రమపడి తిరిగి తెచ్చుకున్నాం. మన ల్యాబులో ప్రోగ్రాముని ముందు అబ్జర్వేషన్ బుక్కులో రాయాలి. మేడమ్ సంతకం పెట్టాలి. పెట్టాక సిస్టమ్ ఖాళీ దొరకాలి. దొరికితే నీలం తెర టర్బో సి తెరుచుకోవాలి. అది 1990ల మొదట్లో డాస్ కోసం తయారైన సరుకు. ఇప్పటి విండోస్ మీద నేరుగా నడవదు కాబట్టి, డాస్‌బాక్స్ అనే ఇంకో ప్రోగ్రాము కడుపులో దాచి పోషిస్తున్నాం. గెట్‌సిహెచ్ లేకుండా కూడా సి ఉంటుందనీ, కానియో డాట్ హెచ్‌కి సి ప్రమాణంలో చోటే లేదనీ చాలామంది పిల్లలకి ఉద్యోగంలో చేరాక గానీ తెలియదు. కర్మకాండ అక్కడితో ఆగదు. అదే ప్రోగ్రాముని రికార్డులోకి ఎక్కించాలి: గీతల పేజీలో నీలం పెన్నుతో కోడు, తెల్ల పేజీలో పెన్సిల్‌తో ఫ్లోచార్టు. అవుట్‌పుట్ కూడా చేత్తోనే. ఎంటర్ ఎ నంబర్, 5. ఫ్యాక్టోరియల్ ఈజ్, 120. కంప్యూటర్‌తో నిమిత్తం లేకుండా కంప్యూటర్ సైన్సు నడిపే జాతి ఇంకొకటుంటే చూపించండి. ఈమధ్య చాట్‌బాట్లు వచ్చి కోడు రాసిపెడుతున్నాయి. యంత్రం ఆలోచిస్తోంది, మనిషి ప్రింటరుగా పనిచేస్తున్నాడు. రికార్డు మాత్రం సకాలంలో సబ్మిట్ అవుతోంది.

అమీర్‌పేట నయం, ఈ నాటకాలేవీ ఆడదు. మైత్రీవనం చుట్టుపక్కల ఏ కోచింగ్ సెంటర్ కౌంటర్లోనైనా కూర్చున్న అన్నని "రస్ట్ నేర్పుతారా అన్నా?" అని అడిగి చూడండి. స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో 2016 నుంచి ఏళ్ల తరబడి ప్రోగ్రామర్లు మనసిచ్చింది రస్ట్‌కే. ఆ సంగతి చెప్పినా ఆయన చలించడు. "ఓపెనింగ్స్ లేవు తమ్ముడూ. ఫుల్ స్టాక్ జావా తీసుకో, డెమో ఫ్రీ." జావా లోకంలో, స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లో, 'అబ్‌స్ట్రాక్ట్‌సింగిల్టన్‌ప్రాక్సీఫ్యాక్టరీబీన్' అనే క్లాసు నిజంగానే ఉంది. పదో తరగతిలో తెలుగు సమాసం చూసి జడుసుకున్న కుర్రాడే దీన్ని గుటుక్కున మింగుతాడు. ప్యాకేజీ ఉంది మరి.

ఆ పేట ఘనత తెలియాలంటే కోబాల్ రోజులు గుర్తు చేసుకోవాలి. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే ఏమైపోతాయోనని 1990ల చివర్లో అమెరికా వణికింది. 1959లో రూపుదిద్దుకోవడం మొదలుపెట్టిన కోబాల్‌కి మళ్లీ గిరాకీ వచ్చింది. ఐడెంటిఫికేషన్ డివిజన్, ఎన్విరాన్‌మెంట్ డివిజన్, డేటా డివిజన్ అన్నీ నింపాక ప్రొసీజర్ డివిజన్‌లో గానీ అసలు మాట చెప్పనివ్వదు, మండలాఫీసులో అర్జీలాగా. మనవాళ్లు చకచకా నేర్చుకుని విమానమెక్కేశారు. కోబాల్ సరదాగా ఉండేదా అని ఎవరినడగాలి? కూకట్‌పల్లి ఫ్లాట్లనడగండి. పెళ్లిళ్ల పేరయ్యనడగండి. అబ్బాయి హాస్కెల్ అంటే, అది ఏ జిల్లా అంటాడాయన.

ఇక జావాస్క్రిప్ట్. 1995లో బ్రెండన్ ఐక్ తొలి రూపాన్ని పది రోజుల్లో కట్టేశాడు. కొటేషన్ల మధ్య ఉన్న 5కి 2 కలపమంటే 52 అంటుంది, అదే 5లోంచి 2 తియ్యమంటే 3 అంటుంది. ప్రపంచం దీనికి పడీపడీ నవ్వుతుంది. మన తల్లిదండ్రులు నవ్వరు. ఫీజు కట్టేటప్పుడు కలిపే లెక్క, సీటు మానేసి డబ్బు వెనక్కి అడిగినప్పుడు తీసే లెక్క వేరువేరని వాళ్లకి ముందే తెలుసు.

సిలబస్ కూర్చే పెద్దలకి ఒక విన్నపం. అచ్చంగా నవ్వుకోవడానికే పుట్టిన లాంగ్వేజీలు కొన్ని మిగిలిపోయాయి. వాటినీ మనం చేపట్టాలి. ఇంటర్‌కాల్‌తో మొదలుపెడదాం. 1972లో ప్రిన్స్‌టన్ విద్యార్థులు డాన్ వుడ్స్, జేమ్స్ లయన్ అల్లింది. ఆదేశాల మధ్య 'ప్లీజ్' చాలినన్ని సార్లు పడకపోతే మర్యాద తెలియదని కంపైలర్ ప్రోగ్రాముని తిప్పికొడుతుంది. మరీ ఎక్కువైతే కాకా పడుతున్నావని తిప్పికొడుతుంది. వైవాలో ఎన్ని మాటలకొకసారి 'సార్' అనాలో తెలిసిన మన పిల్లలకిది వెన్నతో పెట్టిన విద్య. తర్వాత మాల్బోల్జ్, 1998 నాటిది, డాంటే నరకంలోని ఎనిమిదో వలయం పేరు. అందులో మొదటి ప్రోగ్రాము పుట్టడానికి రెండేళ్లు పట్టింది, అది కూడా మనిషి రాయలేక ఇంకో ప్రోగ్రాము చేత వెతికించారు. బ్యాక్‌లాగులు మోసేవాళ్లకి రెండేళ్లొక లెక్కా?

ఫైనలియర్‌కి వైట్‌స్పేస్ పెడదాం. ఇంగ్లండ్‌లో డరమ్ యూనివర్సిటీకి చెందిన ఇద్దరు 2003 ఏప్రిల్ 1న వదిలారు. స్పేసు, ట్యాబు, కొత్త లైను, అంతే, ఇంకో అక్షరానికి విలువ లేదు. ప్రింటు తీస్తే తెల్ల కాయితం వస్తుంది. రికార్డు మొదటి ప్రోగ్రాము నుంచి ఆఖరిదాకా తెల్ల పేజీలే, ప్రతి ఒక్కటీ కరెక్టే. ఎక్స్‌టర్నల్ గారు ఒక పేజీ తిప్పుతారు. ఇంకో పేజీ తిప్పుతారు. కళ్లజోడు సవరించుకుని మళ్లీ మొదటికొస్తారు.

"ప్రోగ్రాములు ఓకే. మార్జిన్లు గియ్యలేదేం?"