కోడి దొంగతనంలో అంతరార్థం

కథతో సంబంధం లేని హాస్యాన్ని తెచ్చి సినిమాకు అతికించడం తెలుగు పరిశ్రమకు పాత అలవాటే అయినా, ఆ అతుకును ఇతివృత్తపు అంతరార్థంగా నిరూపించే విద్య మాత్రం కొత్తది. ప్రధాన కథ పక్కనే నడుస్తూ, తీసేసినా ఆ కథకు చీమ కుట్టినట్టయినా ఉండని హాస్యపు ఉపకథను సినీజనం కామెడీ ట్రాక్ అంటారు. నాయకుడు తండ్రిని చంపినవాడి కోసం కత్తి నూరుతున్న వేళ పక్క వీధిలో హాస్యనటుడు కోడిని దొంగిలించి తన్నులు తిన్నాడనుకుంటే, పోయిన కోడి పోయిన తండ్రికి ప్రతీక అనీ, ఆ తన్నులు వ్యవస్థలోని హింసకు సంకేతమనీ విశ్లేషకుడు తేల్చేస్తాడు. అంతవరకు తనకే తట్టని ఈ లోతుకు దర్శకుడు గంభీరంగా తలాడిస్తాడు.

కిటుకంతా ఇతివృత్తాన్ని సాగదీయడంలోనే ఉంది. పగ అన్న మాటలో కోడి ఇమడకపోతే నష్టం అనాలి, అప్పటికీ ఇమడకపోతే మానవ సంబంధాలు అనాలి. మానవ సంబంధాలలో ఇమడని కోడి భూప్రపంచంలో లేదు.

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతపు ప్రేక్షకుడి దగ్గర మాత్రం ఈ గారడీ సాగడం కష్టం. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో కొలువైన తిరుపతమ్మ కథ అతడికి, 1963లో ఎన్.టి. రామారావు, కృష్ణకుమారి నటించగా అది సినిమాగా రాకముందు నుంచే తెలుసు. అమ్మవారి విగ్రహాన్ని రంగులు వేయించడానికి జగ్గయ్యపేటకు తీసుకువెళ్లే ఆనవాయితీ పైకి గుడితో పని లేని ప్రయాణంలా కనిపించినా, అది లేనిదే అమ్మవారి ముఖానికి కళ రాదు గనుక ఉత్సవంలో భాగమే. తిరునాళ్లలో తిరిగే రంగులరాట్నమో, వట్టి సరదా. అది కాలచక్రానికి ప్రతీక అని టికెట్లు అమ్మేవాడు కూడా అనడు.

కథలో నిజంగా కలిసిన ఉపకథ ఎలా ఉంటుందో 1955లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన మిస్సమ్మ చూపుతుంది. భార్యాభర్తలకే ఇస్తామన్న ఉద్యోగాల కోసం పెళ్లికాని ఎం.టి. రావు, మేరీ దంపతులుగా నటిస్తుండగా, అక్కినేని నాగేశ్వరరావు వేసిన రాజు డిటెక్టివ్ వేషాలతో నవ్వించడానికే వచ్చినట్టు కనిపిస్తాడు. అతడు వెతుకుతున్నది ఏనాడో తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మిని. ఆనవాలు కాలి మీది పుట్టుమచ్చ. తీరా ఆ మహాలక్ష్మే మేరీ. భార్య వేషం వేస్తున్నానని తెలిసిన ఆమెకు తన పేరు కూడా తనది కాదని తెలియదు. తెలిసి వేసిన వేషం ప్రధాన కథదైతే, తెలియక మోస్తున్న వేషాన్ని బయటపెట్టే పని ఈ వెర్రి డిటెక్టివ్‌ది. రాజును కత్తిరిస్తే పోయేది నవ్వులు కాదు, సగం ప్రశ్న.

అందరు హాస్యగాళ్లూ ఇంత బరువు మోయాలనడమూ అన్యాయమే. బుర్రకథలో ప్రధాన కథకుడికి అటూ ఇటూ నిలబడే ఇద్దరు వంతల్లో ఒకడి పనే హాస్యం. తోలుబొమ్మలాటలో కేతిగాడు రామాయణం మధ్యలోకి దూరి మోటు సరసాలాడినా, తాను రాముడి అంతరంగానికి ప్రతిబింబమని ఏనాడూ చెప్పుకోలేదు. తెల్లవార్లూ సాగే ఆటలో జనం కునుకు తీయకుండా చూడటానికే వచ్చాడని అతడికీ తెలుసు, జనానికీ తెలుసు. ఆట అయ్యాక అతడిని ఇంటర్వ్యూ చేయడానికి ఎవరూ రాకపోవడం రామాయణం చేసుకున్న పుణ్యం.