బీఫార్మసీలో చేరితే డాక్టరైపోతారట!

"ఏడాది వేస్టు చేయడం ఎందుకు సార్? పాపను ఫార్మసీలో వేసేయండి. నీట్‌కు అదే బేసు. సీటొస్తే వెళ్లిపోతుంది, రాకపోతే డిగ్రీ చేతిలో ఉంటుంది."

నీట్‌లో మార్కులు తగ్గిన బైపీసీ పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ సీజన్‌లో ఈ ఫోను వచ్చే ఉంటుంది. మా మేనకోడలి పుణ్యమా అని నాకూ వచ్చింది, అదీ ఒకటి కాదు. కాలేజీ పేరు మారుతుంది తప్ప పాఠం మారదు. పీఆర్వోలు, కన్సల్టెన్సీల వాళ్లు సరే, వాళ్లకు అడ్మిషనుకు ఇంతని ముడుతుంది. నయాపైసా రాని పెద్దమనుషులు కూడా పెళ్లి భోజనాల దగ్గర ఇదే సలహా వడ్డిస్తున్నారు. పైగా దీనికి ఇప్పుడు 'ప్రీ-మెడ్' అని ముద్దుపేరు.

ఎంత ముందుచూపు! నిన్నటిదాకా మందుల ఫ్యాక్టరీలకూ మెడికల్ షాపులకూ మనుషుల్ని తయారుచేసిన కోర్సు రాత్రికి రాత్రి మెడికల్ కాలేజీకి వాకిలి అయిపోయింది. పాపం, ఈ సంగతి నీట్ పెట్టే ఎన్‌టీఏ వాళ్లకే ఎవరూ చెప్పినట్టు లేదు. వాళ్లు ఇంటర్లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ చదివావా అని అడుగుతారు, అంతే. ఆ తర్వాత నాలుగేళ్లు టాబ్లెట్లు ఒత్తావా, సిరప్పులు కాచావా అన్నది వాళ్లకు అనవసరం. బీఫార్మసీలో గోల్డ్ మెడల్ కొట్టినా నీట్‌లో దానికి పడే మార్కులు సున్నా.

"సిలబస్ అంతా ఒకటే సార్" అన్నాడు ఒక పీఆర్వో. నన్ను కదిపింది ఈ మాటే. ఒకటేనా? చూద్దాం. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఫిజిక్సు 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. మన పిల్లల్ని ముంచేది ఎక్కువగా ఫిజిక్సే, అంటే 180 మార్కులు. ఇప్పుడు బీఫార్మసీ మొదటి సెమిస్టర్ తీయండి. అనాటమీ-ఫిజియాలజీ ఉంది, ఫార్మాస్యూటికల్ అనాలిసిస్ ఉంది, ఫార్మాస్యూటిక్స్ ఉంది, ఇనార్గానిక్ కెమిస్ట్రీ ఉంది, కమ్యూనికేషన్ స్కిల్స్ ఉన్నాయి. ఫిజిక్సు మాత్రం లేదు. దాని బదులు బైపీసీ వాళ్లకు ప్రత్యేకంగా రెమిడియల్ మ్యాథమెటిక్స్ పెట్టారు. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్న పిల్లకు మళ్లీ లెక్కలు!

ఇక ల్యాబు. సింపుల్ సిరప్ చేయాలి. వంద గ్రాముల సిరప్‌కు 66.7 గ్రాముల పంచదార తూచి, నీళ్లలో వేడిచేసి కరిగించి, వడగట్టి, తగ్గిన తూకాన్ని మరిగిన నీళ్లతో సరిచేసి, సీసాలో పోసి లేబుల్ అంటించాలి. ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని ఎయిమ్, ప్రిన్సిపుల్, ప్రొసీజర్ అంటూ రికార్డు రాయాలి, లేబుల్ బొమ్మ స్కేలు పెట్టి గీయాలి. పైతరగతికి వెళ్తే ఫ్రయబిలిటీ టెస్టు. చిన్న డ్రమ్ములో టాబ్లెట్లు వేసి నిమిషానికి 25 చుట్ల చొప్పున నాలుగు నిమిషాలు తిప్పి, ఎంత పొడి రాలిందో తూచాలి. మంచి చదువే, అవసరమైన చదువే. రాలిపోయే టాబ్లెట్టు ఎవడు మింగుతాడు? కానీ వాలు తలం మీద జారే దిమ్మె త్వరణం ఎంత అని నీట్ అడిగినప్పుడు ఈ డ్రమ్ము ఏ పక్కనుంచి ఆదుకుంటుందో ఆ పీఆర్వో చెప్పలేదు.

బయాలజీలో కలుస్తుంది కదా అంటారు. కలుస్తుంది, మానవ శరీరం ఉన్న పాఠాల మేరకు. మెండెల్ బఠానీలు, కిరణజన్య సంయోగక్రియ, జీవావరణం, పూల నిర్మాణం మాటేమిటి? "మొక్కలున్నాయి సార్, ఫార్మకాగ్నసీ" అన్నాడు. ఉన్నాయి. సునాముఖి ఆకును పొడిచేసి మైక్రోస్కోపు కింద గుర్తుపట్టడం నేర్పుతారు. నీట్ పేపరు పెట్టేవాడికి ఆ ఆకుతో పనిలేదు.

చివరి అస్త్రం: "ఎంబీబీఎస్‌లో ఫార్మకాలజీ నల్లేరు మీద నడక సార్." అబ్బో! ఎంబీబీఎస్ రెండో దశలో ఎదురయ్యే ఒక్క సబ్జెక్టు తేలిగ్గా ఉండటానికి ముందుగానే నాలుగేళ్లా! అదీ లోపలికి అడుగుపెట్టిన వాళ్లకు. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షలకు పైనే. ఎంబీబీఎస్ సీట్లు దేశం మొత్తం మీద లక్షా చిల్లర. తీరా సీటొచ్చినా ఒక్క సెమిస్టర్ మినహాయింపు లేదు, మొదటి రోజు నుంచే మొదలు. బెజవాడ వెళ్లాల్సినవాణ్ని బెంగళూరు బస్సెక్కించి, అక్కడ దిగాక బెజవాడ బస్సు దొరుకుతుందిలే అన్నట్టుంది.

అమెరికాలో డిగ్రీ అయ్యాకే మెడిసిన్ కదా అని ఉదాహరణ ఒకటి. అక్కడ ఏ డిగ్రీ చదివినా ఎంకాట్ అనే మెడికల్ ప్రవేశ పరీక్ష రాస్తారు, ఇక్కడ ఏ డిగ్రీ చదివినా ఇంటర్ పుస్తకాలే తెరవాలి. ఫార్మసీలోనే ఫార్మ్-డి కోర్సు అయితే పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చంటూ ఇంకో ఆశ. దాని గురించి మాట్లాడితే నా బీపీ పెరుగుతుంది.

ఇక నవ్వు చాలు. సీటు రాని పిల్ల సంగతి తర్వాత, ముందు సీటొచ్చిన పిల్ల సంగతి చూడండి. "సీటొస్తే వెళ్లిపోవచ్చు" అన్నారే, ఎలా వెళ్తుంది? కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా సీటొచ్చింది, ఫలానా తేదీలోగా ఒరిజినల్స్‌తో రిపోర్టు చేయాలి. ఒరిజినల్స్ ఎక్కడున్నాయి? ఫార్మసీ కాలేజీ బీరువాలో. తండ్రి పరుగెత్తుకెళ్తే కరస్పాండెంటు గారు ఊళ్లో ఉండరు. గుమస్తా కాలిక్యులేటర్ తీస్తాడు. "నాలుగేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లండి. మీ పాప వెళ్లిపోతే ఆ సీటు ఖాళీయే కదా." ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ మాటంటే గుమస్తా ఫ్యాను వైపు చూస్తాడు. గడువుకు రెండు రోజులుండగా ఏ తండ్రి కోర్టుకెళ్తాడు? పుస్తెలతాడు తాకట్టుపెట్టి కడతాడు. ఇది మోసం. మర్యాదైన మాట నాకు దొరకడం లేదు. పిల్ల ఓడిపోతుందన్న నమ్మకంతో వేసిన పందెం ఇది. గెలిస్తే జరిమానా వేస్తారు.

సీటు రాని పిల్ల గతి ఇంకోలా ఉంటుంది. పగలు ల్యాబు, రాత్రి నీట్ మెటీరియల్. బైపీసీ వాళ్ల ఫార్మసీ కౌన్సెలింగ్ ఇంజనీరింగ్ వాళ్లది అయిపోయాకగానీ కదలదు. తరగతులు ఆలస్యంగా మొదలై, మిడ్లు, సెమిస్టర్లు ఒకదాని మీద ఒకటి పడుతుండగానే మే నెల, నీట్ వచ్చేస్తాయి. అక్కడ ర్యాంకు రాదు, ఇక్కడ బ్యాక్‌లాగులు మిగులుతాయి. ఎవరైనా ఏం చదువుతున్నావమ్మా అంటే "ప్రస్తుతానికి ఫార్మసీ" అంటుంది. నాలుగో ఏడాదిలోనూ ప్రస్తుతానికే. తర్వాత ఆ సర్టిఫికెట్టు ఎవరి మెడికల్ షాపు గోడకో నెలకింతని అద్దెకు వేలాడుతుంది, కౌంటర్లో పదో తరగతి కుర్రాడు మందులిస్తుంటాడు. డాక్టరు చీటీ మీద మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టే ఇవ్వాలని చెప్పే ఫార్మసీ చట్టం వచ్చింది 1948లో.

అదే ఏడాది ఒక తెలుగువాడు అమెరికాలో చనిపోయాడు. యల్లాప్రగడ సుబ్బారావు, భీమవరంలో పుట్టినవాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో వైద్యం చదివి, ఆ తర్వాత మందుల పరిశోధనలోకి వెళ్లాడు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, బోదకాలు రాకుండా ఇవాళ్టికీ మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి పంచుతున్న డీఈసీ, అన్నీ ఆయన, ఆయన బృందం చలవే. వైద్యం నుంచి మందుల వైపు నడిచిన మనిషి పుట్టిన గడ్డ మీద మందుల చదువు నీట్ తప్పినవాళ్ల విడిదిల్లయింది. మాత్రలో మందు సరిగ్గా ఉందో లేదో చూడాల్సిన మనిషి మనసు నాలుగేళ్లూ వేరే హాల్‌టికెట్ మీద ఉంటే ఆ మాత్ర మింగాల్సింది మనమే.

పీఆర్వో గారూ, మళ్లీ ఫోన్ చేస్తే ఒక్క పని చేయండి. మా పిల్లకు ఎంబీబీఎస్ సీటొచ్చిన రోజే పైసా అడగకుండా ఒరిజినల్స్ తిరిగిస్తామని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించి, మీ కరస్పాండెంటు గారి సంతకంతో తీసుకురండి. ఆ వంద రూపాయలూ నేనే ఇచ్చుకుంటాను.